ఆకుపచ్చ మూత డబ్బా

ఇన్‌స్పెక్టరు గారు రిటైరై మూడేళ్ళయింది. ఆయన అనుమానం మాత్రం ఇంకా రిటైరు కాలేదు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేసిన మనిషి. తక్కెడ పళ్ళెం అడుగున మైనం అంటించినవాళ్ళని, తూకపు రాళ్ళని కిందనుంచి తొలిచినవాళ్ళని, నూనె కొలిచే పాత్రకి అడుగున సొట్ట పెట్టినవాళ్ళని ఎంతమందిని పట్టుకున్నారో ఆయనకే గుర్తులేదు. కొట్టులో కాలు పెడుతూనే సరుకు చూడరు, కొట్టువాడి చేతులు చూస్తారు. ఆ శాఖలో ఒక నియమం ఉండేది. ఇన్‌స్పెక్టరు పొరబడి మంచి తక్కెడని దొంగ తక్కెడ అన్నాడనుకోండి, మళ్ళీ ఆ కొట్టుకే, అదే వేళకి వెళ్ళి, ఆ రోజు విన్నవాళ్ళందరి ముందూ ఆ మాట రద్దు చేస్తున్నట్టు చదవాలి. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయనకి ఆ అవసరం ఒక్కసారీ రాలేదు. ఆ సంగతి ఆయన అడగకపోయినా చెబుతారు.

అలాంటి మనిషి ఏడెనిమిది నెలలుగా కట్టుకున్న భార్యనే మోసం చేస్తున్నారు. పెద్ద మోసమేమీ కాదు, కాఫీ మోసం. అంతకు ముందు ఒకరోజు గుండె లయ తప్పి దడదడలాడితే డాక్టరు పరీక్షలన్నీ చేసి, "కాఫీ మానెయ్యండి. తగ్గించడం కాదు, మానెయ్యడం. మళ్ళీ ఇలా అయితే నా దగ్గరికి నడిచి రాలేరు" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. ఆ సాయంత్రమే భార్య ఇంట్లో ఉన్న కాఫీపొడి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. "మీకు లేనిది నాకూ వద్దులెండి" అని తనూ మానేసింది. ఆయన రెండు వారాలు ఓర్చుకున్నారు. మూడో వారం నుంచి పొద్దున్నే ఏడున్నరకి బూట్లు తొడుక్కుని, "నడకకి వెళ్ళొస్తానోయ్" అని బయల్దేరడం, పార్కు గేటు దాకా వెళ్ళి ఎడమవైపు సందులోకి తిరగడం మొదలుపెట్టారు.

ఆ సందులో ఉంది కాఫీ కొట్టు. ఏడెనిమిది బల్లలు, ఒక మర, వీధివైపు కిటికీ. నడిపే ఆవిడకి నలభై ఉంటాయేమో. గింజలు తనే వేయిస్తుంది, తనే మర ఆడిస్తుంది, తనే కాచి పోస్తుంది. ఆవిడ గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆ కొట్టుకో పద్ధతి ఉంది. నెలరోజులు వరసగా వచ్చినవాళ్ళు ఇంటినుంచి తమ కప్పు తెచ్చి గోడకున్న మేకుకి తగిలించుకోవచ్చు. మేకు కింద నంబరు. ఇక పేరు చెప్పక్కర్లేదు, ఏం కావాలో చెప్పక్కర్లేదు. మనిషి గుమ్మంలో కనబడగానే కప్పు మేకు మీంచి దిగుతుంది. ఒకరి కప్పులో ఇంకొకరు తాగరు. కొట్టు మానేసేవాళ్ళు కప్పు తీసుకుని వెళ్ళిపోతారు. గుమ్మం పక్క బల్లమీద లావుపాటి పుస్తకం ఒకటి ఉంటుంది, వచ్చినవాళ్ళు తమ అనుభవం రాసి పోవడానికి.

ఇన్‌స్పెక్టరు గారి మేకు ఏడోది. కప్పు మాత్రం దొంగసొత్తు. రిటైరైన రోజున శాఖవాళ్ళు తక్కెడ బొమ్మ వేయించిన ఆరు కప్పుల సెట్టు బహూకరించారు. అందులోంచి ఒకటి మూడో కంటికి తెలియకుండా తువ్వాల్లో చుట్టి పట్టుకొచ్చేశారు. చిత్రమేమిటంటే, కొన్నాళ్ళకి ఇంట్లో షెల్ఫు చూస్తే అయిదు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. అయిదోది ఏమైనట్టు? పనిమనిషి పగలగొట్టిందా? చుట్టాలెవరైనా ముచ్చటపడి పట్టుకుపోయారా? అడగాలని నాలుక దురద పెట్టింది. కానీ అయిదోదాని గురించి అడిగితే ఆరోదాని గురించి చెప్పాలి. దాంతో ఆ కేసు అక్కడే మూసేశారు.

ఇంట్లో ఇంకో అనుమానం కూడా ఉంది. భార్య ఈమధ్య ఒక కొత్త అలవాటు నేర్చింది. ఆయన నడకనుంచి వచ్చి కుర్చీలో కూలబడగానే మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, రెండో చేతి మణికట్టు పట్టుకుని పక్కన కూర్చుంటుంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో లేని ముచ్చట. పైగా చెయ్యి పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తుంది. ఎంత ఆలస్యమైందో చూస్తోందని ఆయనకి లోపల బెదురు. "నడక ఎలా ఉంది?" అంటుంది. "బ్రహ్మాండం" అంటారు ఆయన, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

అసలు గొడవ మర జరపడంతో వచ్చింది. గోడకి చెమ్మ దిగిందని కొట్టావిడ మరని కిటికీ పక్కకి మార్పించింది. అంతవరకూ దాని వెనక దాక్కున్న అరలన్నీ ఆయన రోజూ కూర్చునే కుర్చీలోంచి కనబడటం మొదలుపెట్టాయి. ఆ సోమవారం ఆయన ఆవిడ చేతులు చూశారు. రోజూ వచ్చే దర్జీకి కాఫీ కలిపేటప్పుడు ఎర్రమూత డబ్బా. లెక్కల టీచరుకి ఎర్రమూత డబ్బా. ఎవరో దారినపోయే జంట, ఆ రోజే మొదటిసారి వచ్చారు, వాళ్ళకీ ఎర్రమూతే. ఆయన వంతు వచ్చేసరికి ఆవిడ అటూ ఇటూ చూసి, కింద అర తలుపు తీసి, ఆకుపచ్చ మూత డబ్బా పైకి తీసింది. చిన్న కుంచెతో మరని శుభ్రంగా దులిపింది. ఆ డబ్బాలో గింజలు పోసి ఆడించి, మళ్ళీ దులిపి, డబ్బా లోపల పెట్టేసి తలుపు వేసేసింది.

ఇన్‌స్పెక్టరు గారికి ఒళ్ళు ఝల్లుమంది. వచ్చిన కాఫీ ఒక గుక్క తాగారు. నిన్నటిదాకా ఆహా అనిపించిన కాఫీ ఆ క్షణంలో పలచబడిపోయింది.

"అమ్మాయ్, ఈవేళ గింజలేమైనా మారాయా?" అని మెల్లిగా కూపీ లాగారు.

"లేదండీ బాబాయ్‌గారూ. మీకు ఎప్పుడూ పోసేవే" అంది ఆవిడ, తల ఎత్తకుండా.

తల ఎత్తకుండా చెప్పే మాటలు ఆయన చాలా విన్నారు. ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగారు. పాత గింజలా? మాడినవా? పురుగు పట్టినవా? ముసలాడు ఎక్కడికి పోతాడులే, ఏది పోసినా తాగుతాడులే అనుకుందా? నిజం చెప్పాలంటే బాధ కాఫీ గురించి కాదు. తను గుమ్మంలో కనబడగానే ఒక మనిషి చెయ్యి చాపి తన వస్తువు అందుకునే చోటు, రోజు మొత్తంలో ఆయనకి అదొక్కటే మిగిలింది. అది ఎంత పెద్ద విషయమో రిటైరైనవాళ్ళకి తెలుస్తుంది. అక్కడ కూడా తనని చులకన చేస్తున్నారంటే ఆయన తట్టుకోలేకపోయారు.

మర్నాడు వెళ్ళి దర్జీ పక్కన కూర్చున్నారు. దర్జీది ఎదురు వీధిలో కొట్టు. మెడలో టేపు, నోటికి అడ్డూ ఆపూ లేని మాట. ఇద్దరి కాఫీలూ బల్లమీద పెట్టి కొట్టావిడ పాలకోసం లోపలికి వెళ్ళగానే ఇన్‌స్పెక్టరు గారు తన కప్పు దర్జీ ముందుకి తోసి, దర్జీ కప్పు తన ముందుకి లాక్కున్నారు.

"అదేంటండీ! ఇక్కడ కప్పులు మార్చుకోకూడదు కదా?" అన్నాడు దర్జీ.

"ఒక్క గుక్క తాగి చెప్పవయ్యా. సాక్ష్యం అనుకో."

దర్జీ తాగి, నాలుక చప్పరించి, మళ్ళీ తాగాడు. "ఏదో తేడాగా ఉందండీ. వాసన కాఫీదే. గొంతు దిగాక మాత్రం ఏమీ లేదు. కుట్టంతా కుట్టి దారం ముడెయ్యడం మర్చిపోయినట్టుంది."

ఈలోగా ఇన్‌స్పెక్టరు గారు దర్జీ కప్పు అడుగంటా ఖాళీ చేసేశారు. నల్లగా, చిక్కగా, గొంతులో నిలబడిపోయే కాఫీ. అంటే అందరికీ ఇది, తనకి అదీ అన్నమాట. పాలగిన్నెతో వచ్చిన కొట్టావిడ దర్జీ చేతిలో తక్కెడ బొమ్మ కప్పు చూసి ఆగిపోయింది. గిన్నెలో పాలు తొణికి ఆవిడ పాదాల మీద పడ్డాయి.

"దర్జీగారి కప్పులోది మీరు తాగేశారా బాబాయ్‌గారూ? మొత్తం తాగేశారా?"

దొరికిపోయినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. అచ్చం అలాగే ఉంది. "తాగాను. నీ పప్పులు నా దగ్గర ఉడకవమ్మాయ్. ఆ కింద అరలో డబ్బా తీసి బల్లమీద పెట్టు" అన్నారు లేచి నిలబడి.

లెక్కల టీచరు దిద్దుతున్న నోటుపుస్తకం పక్కన పెట్టింది. కొట్టావిడ డబ్బా తెచ్చి పెట్టింది.

"ఏముంది ఇందులో?"

"కాఫీ గింజలేనండీ."

"మరి అందరికీ ఎర్రమూత, నాకొక్కడికీ ఆకుపచ్చమూత ఎందుకు?"

ఆవిడ డబ్బా మూత మీద చెయ్యి పెట్టింది. "అది చెప్పలేనండీ. తప్పయితే క్షమించండి. ముందు మీరు కాసేపు కూర్చోండి బాబాయ్‌గారూ. నిలబడకండి. మంచినీళ్ళు తెస్తాను."

"నీళ్ళు నువ్వు నములుతున్నావుగా, మళ్ళీ నాకెందుకు?" అన్నారు ఆయన. ఎవరో కిసుక్కున నవ్వారు. గుప్పెడు గింజలు పొట్లం కట్టి, మీద దర్జీ చేతా టీచరు చేతా సంతకాలు పెట్టించి, ల్యాబులో ఇచ్చి రమ్మని దర్జీకి అప్పగించారు. తర్వాత పుస్తకం తెరిచి రాసి, రాసింది అందరికీ వినబడేలా చదివారు: "ఈ కొట్టులో ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళకీ దారినపోయేవాళ్ళకీ వేరువేరు సరుకు పోస్తున్నారు. అడిగితే జవాబు లేదు. మేకుకి కప్పు తగిలించినవాళ్ళు ఎవరి డబ్బా వాళ్ళు చూసుకోవలసింది. ఇట్లు, ఏడో నంబరు." ఏళ్ళ తరబడి అన్నది కొంచెం ఎక్కువే, కానీ కోపంలో ఎవరు చూసుకుంటారు?

ఇంటికి వెళ్ళేదారిలో గుండె దడదడలాడటం మొదలుపెట్టింది. కోపం వల్లే అనుకున్నారు. బస్టాపు బెంచీ మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, ఎలాగో ఇల్లు చేరారు. భార్య అలవాటుగా మణికట్టు పట్టుకుంది. గడియారం వైపు చూస్తున్న మనిషి మొహంలో రంగు పోయింది.

"నడకలో ఏమైనా జరిగిందా?"

"ఏం జరుగుతుంది? చెట్లు, మనుషులు, కుక్కలు" అన్నారు ఆయన.

ఆవిడ మాత్ర మింగించి పడుకోబెట్టింది. రోజూ మూడింటికి చెల్లెలింటికి వెళ్ళి నాలుగింటికి వచ్చే మనిషి, ఆ రోజు రెండింటికే చెప్పులేసుకుని వెళ్ళింది. తిరిగొచ్చాక, "నాలుగు రోజులు గడప దాటడానికి వీల్లేదు. పార్కు ఎక్కడికీ పోదు" అంది. అంత గట్టిగా ఎందుకు చెబుతోందా అని ఆయన దానిమీద కూడా ఒక కన్నేసి ఉంచారు.

కొట్టు సంగతులు దర్జీ ఫోనులో చేరవేశాడు. లెక్కల టీచరు కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. ఇంకో ముగ్గురు కూడా తీసేసుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు పుస్తకంలో మొదట ఆ పేజీయే చదివి, ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచిపోతున్నారు. "పొద్దున్న ఎనిమిదింటికి కొట్టులో ఈగలు తోలుకోవాల్సి వస్తోందండీ" అన్నాడు దర్జీ, హుషారు తగ్గిన గొంతుతో.

"పేజీ చింపేసిందా?"

"లేదండీ. పుస్తకం ఎక్కడుండేదో అక్కడే ఉంది. తెరిచే ఉంది."

ఇన్‌స్పెక్టరు గారికి అది మింగుడు పడలేదు. మోసం చేసినవాళ్ళు ముందు కాగితం చింపుతారు. ఈవిడ ఎందుకు చింపలేదు?

అయిదో రోజు మధ్యాహ్నం ల్యాబు నుంచి ఫోను వచ్చింది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే ఇప్పుడు అక్కడ పెద్ద. "గింజలు మేలురకం సార్. కల్తీ లేదు, పాతవి కావు. కాకపోతే కెఫీన్ తీసేసినవి."

"తీసేశారా? చూశావా! సారం లాగేసి పిప్పి పోస్తోందన్నమాట!"

"అలా కాద్సార్. గుండె బాగాలేనివాళ్ళ కోసం అలా చేస్తారు. రుచి ఉంటుంది, దడ ఉండదు. మామూలు చోట దొరకవు, పనిగట్టుకుని తెప్పించుకోవాలి. ఎవరో ఎవరికోసమో చాలా శ్రద్ధ తీసుకుంటున్నారు సార్."

ఆయన ఫోను పెట్టేశారు. తన గుండె సంగతి ఆ కొట్టులో ఒక్కరికీ చెప్పలేదు. డాక్టరుకి, భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. మరి ఈవిడకి ఎవరు చేరవేసినట్టు? తన వెనక ఎవరో తన గురించి ఆరా తీశారు. కొత్త అనుమానం పాతదాని కన్నా గట్టిగా పట్టుకుంది. నాలుగింటికి భార్య చెల్లెలింటి నుంచి రాగానే, "మందుల షాపు దాకా వెళ్ళొస్తా" అని చెప్పి, ఎప్పుడూ వెళ్ళని వేళలో కొట్టుకి వెళ్ళారు.

కొట్టు ఖాళీగా ఉంది. మేకుల్లో నాలుగు బోసిగా ఉన్నాయి. ఆవిడ ఆయన్ని చూడగానే అలవాటుగా ఏడో మేకు వైపు చెయ్యి చాపి, మధ్యలో ఆపేసింది. ఆ ఆగిపోయిన చేతిని ఆయన చూడలేకపోయారు. చూపు పక్కకి తిప్పుకున్నారు. అప్పుడు కనబడింది. అప్పుడే కడిగి బోర్లించిన కప్పు, ఇంకా నీళ్ళు కారుతోంది. దానిమీద తక్కెడ బొమ్మ.

తలెత్తి ఏడో మేకు చూశారు. ఆయన కప్పు అక్కడే వేలాడుతోంది. మళ్ళీ కింద చూశారు. అదే తక్కెడ, అదే శాఖ పేరు.

"ఇది ఎవరిదమ్మాయ్?"

ఆవిడ తువ్వాలు తీసి కప్పు తుడవడం మొదలుపెట్టింది.

"రోజూ మూడింటికి వస్తారు కదూ ఈ కప్పువాళ్ళు?"

కొట్టావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను అడగకండి బాబాయ్‌గారూ. మాటిచ్చాను."

"నువ్వేం చెప్పలేదులే. నేనే చూశాను. ఎప్పటినుంచి?"

"ఆరు నెలలండీ" అంది ఆవిడ చివరికి. "మీ చొక్కాకి కాఫీ వాసన వచ్చిందట. షెల్ఫులో కప్పు తగ్గిందట. ఒకరోజు పొద్దున్న మీ వెనకే వచ్చి కిటికీలోంచి చూశారు. మధ్యాహ్నం నామీదకి ఒంటికాలి మీద లేచారు, గుండె బాగాలేని మనిషికి కాఫీ పోస్తావా అని. నేను ఏడ్చినంత పనిచేశాను. అప్పుడు ఆవిడే కూర్చుని ఆలోచించి, ఇక్కడ మాన్పిస్తే ఇంకో చోటికి పోతారు, అక్కడ నవ్వుతూ ఉంటారో లేదో, ఇక్కడైతే నవ్వుతున్నారు అన్నారు. ఈ గింజల సంగతి నేనే చెప్పాను. మీకు మాత్రం తెలియకూడదన్నారు. తెలిస్తే ఆయనకి రుచి పోతుంది అన్నారండీ."

సోమవారం పలచబడిపోయిన కాఫీ ఆయనకి గుర్తొచ్చింది. తక్కెడలో ఆవగింజ తేడా పట్టేసే మనిషి, ఆరు నెలలు తాగిన కాఫీలో తేడా పట్టలేకపోయారు. డబ్బా మూత చూశాక పట్టారు.

"మరి నేను నలుగురి ముందు అంత మాటంటే ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెబితే ఆవిడ మాట పోతుంది. ఊరుకుంటే నా పేరేగా పోయేది" అంది ఆవిడ కప్పు అరలో పెడుతూ. "ఆ రోజు నా భయమంతా మీరు దర్జీగారి కప్పు తాగేశారనే. రెండింటికే వచ్చారు ఆవిడ. మీ నాడి నిమిషానికి ఎంతుందో చెప్పి, ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చారు."

ఇన్‌స్పెక్టరు గారికి తల కొట్టేసినట్టయింది. మణికట్టు, గోడ గడియారం. ఆలస్యం చూస్తోందనుకున్నారు! ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత, "అయితే ఆవిడ ఏ కాఫీ తాగుతుంది?" అని అడిగారు.

"ఎర్రమూతే. చిక్కగా" అంది కొట్టావిడ. ఆ మాట అంటూ ఆవిడ నవ్వేసింది. ఆయన కూడా నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ.

"నాకు తెలిసిందని ఆవిడకి చెప్పకమ్మా. ఇది నువ్వు నాకు ఇచ్చే మాట."

ఆ సాయంత్రం ఆయన లెక్కల టీచరు ఇంటికి వెళ్ళారు. మిగతా ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళారు. రేపు ఎనిమిదింటికి కప్పులు పట్టుకుని రావాలని ఒక్కొక్కరినీ బతిమాలారు. జీవితంలో ఎవరినీ బతిమాలి ఎరగని మనిషి, ఎలా బతిమాలాలో తెలియక నోటీసు చదివినట్టు చదివారు. అయినా వాళ్ళు వచ్చారు.

పొద్దున్న ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టరు గారు అదే చోట నిలబడి, తను రాసినదాని కిందే రాసి, గట్టిగా చదివారు: "పై రాత రద్దు చేయడమైనది. సరుకు పరీక్షించగా మేలురకమని తేలినది. తప్పు డబ్బాలో లేదు, పరీక్షించినవాడి బుద్ధిలో ఉంది. యజమానురాలికి నలుగురి ముందు క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇట్లు, ఏడో నంబరు." చివరి వాక్యం దగ్గర తడబడి, మళ్ళీ మొదటినుంచి చదివారు.

"మరి ఆ తేడా ఏంటండీ? నేను తాగానుగా!" అన్నాడు దర్జీ.

"అది నా సొంత విషయమయ్యా. నువ్వు నీ కప్పులోది తాగు."

టీచరు తన కప్పు తీసుకెళ్ళి మేకుకి తగిలించింది. కొట్టావిడ ఎవరికీ కనబడకుండా మొహం తుడుచుకుని ఏడో కప్పు దింపింది. కింద అర తలుపు చప్పుడు వినబడింది. ఇన్‌స్పెక్టరు గారు అటు చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. కాఫీ వచ్చింది. ఆహా అనిపించింది.

ఇంటికి వెళ్ళి కుర్చీలో కూర్చోగానే భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది.

"నడక ఎలా ఉంది?"

"బాగుంది" అన్నారు ఆయన. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "మీ చెల్లెలు ఎలా ఉంది?"

"బాగానే ఉంది. మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది" అంది ఆవిడ, గడియారం మీదనుంచి చూపు తిప్పకుండా. ఆవిడ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఆవిడ లెక్క తప్పకూడదని ఆయన మాటలు ఆపి, నిమిషం పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు.